యోసెమిటీలో మా పెళ్లి: పర్మిట్ ఒక ఎత్తు, తలంబ్రాలు ఒక ఎత్తు

కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో పెళ్లి చేసుకున్నాం అనగానే అందరూ ముందు అడిగేది పర్మిట్ సంగతే. నిజం చెప్పాలంటే అన్నిట్లోకీ తేలిగ్గా అయిపోయింది అదే. యోసెమిటీలో ఇద్దరే నిలబడి దండలు మార్చుకున్నా సరే పర్మిట్ ఉండాల్సిందే. మేం కట్టిన దరఖాస్తు ఫీజు 150 డాలర్లు, అది తిరిగి రాదు. ఏ చోటు, ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎంతమంది, ఎన్ని కార్లు అని రాసి పంపాలి. చోటు కూడా మనకి నచ్చినది కాదు, వాళ్లు ఒప్పుకునే చోట్లలోంచే ఎంచుకోవాలి, ఒక్కోదానికి జనం పరిమితి ఉంటుంది. మేం ఇరవై మందిలోపే కాబట్టి కెథీడ్రల్ బీచ్ అడిగాం. పేరుకే బీచ్, మెర్సెడ్ నది ఒడ్డున చిన్న ఇసుక తిన్నె అంతే, కానీ ఎదురుగా మూడు వేల అడుగుల ఎల్ కాపిటన్ కొండ. పర్మిట్ ఉన్నా గేటు దగ్గర కారుకి ఎంట్రన్స్ ఫీజు మామూలే.

అసలు టెన్షన్ ముహూర్తం దగ్గర మొదలైంది. ఇద్దరం మా మా ఇళ్లల్లో పెద్దపిల్లలం. పెద్దకొడుక్కీ పెద్దకూతురికీ జ్యేష్ఠంలో పెళ్లి చెయ్యకూడదని కాకినాడ నుంచి నాన్న ఖరాఖండిగా చెప్పేశారు. శ్రావణంలో చేద్దామంటే, ఆగస్టు వచ్చేసరికి చాలాసార్లు యోసెమిటీ ఫాల్స్‌లో చుక్క నీరుండదు, అంత దూరం వెళ్లి ఎండిన బండ ముందు ఫొటోలు దిగాలి. అలా వైశాఖం ఖాయమైంది. మే నెలలో మంచు కరుగుతుంది కాబట్టి జలపాతాలు నిండుగా ఉంటాయి. గ్లేసియర్ పాయింట్ అనే వ్యూ పాయింట్‌కి వెళ్లే రోడ్డు మాత్రం మంచు వల్ల అప్పటికి తెరుస్తారో లేదో నమ్మకం లేదు, అందుకే దాన్ని మొదట్లోనే వదిలేశాం.

ముహూర్తం ఇక్కడి టైమ్‌కే లెక్కకట్టాలి. బే ఏరియాలో, అంటే శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, మేం వెళ్లే గుడి పంతులుగారు రెండు ఇచ్చారు, ఒకటి అర్ధరాత్రి దాటాక, ఇంకోటి ఉదయం ఎనిమిది తర్వాత. అమ్మకి రాత్రిదే నచ్చింది, లగ్నం బలంగా ఉందట. చిమ్మచీకట్లో, ఎలుగుబంట్లు తిరిగే చోట, పైగా నది పక్కన! ఆమెని ఒప్పించడానికి నాకు పార్కు ఆఫీసుతో మాట్లాడినదానికంటే ఎక్కువ టైమ్ పట్టింది.

ఆ తర్వాత రూల్స్. బియ్యం చల్లకూడదు, పూలరేకులు చల్లకూడదు, కాగితంవి కూడా. చెట్లకి ఏమీ కట్టకూడదు, నేలలో గుంజలు పాతకూడదు, అంటే పందిరీ లేదు మామిడి తోరణమూ లేదు. మైకు, స్పీకర్లు వద్దు. డ్రోన్ సరేసరి, నేషనల్ పార్కుల్లో అసలే నిషేధం. నిప్పు కూడా మనిష్టం వచ్చిన చోట రాజెయ్యడానికి లేదు. పిక్నిక్ ఏరియాలో గ్రిల్ ఉంటుందిగా, హోమం దాంట్లో కానిచ్చేద్దాం అన్నారు మావయ్యగారు. ఆ గ్రిల్ మీద అంతకుముందు ఎవరెవరు ఏమేం కాల్చారో గుర్తుచేశాక ఆయనే ఊరుకున్నారు.

"పంతులుగారూ, తలంబ్రాలు లేకుండా పెళ్లేంటండీ?" అని అమ్మ ఫోన్‌లో దాదాపు ఏడ్చినంత పని చేసింది.

"జీలకర్ర బెల్లం పెట్టిన క్షణమే సుముహూర్తం తల్లీ. అదీ, సూత్రధారణా అక్కడ చేద్దాం. తలంబ్రాలు, హోమం, సప్తపది గుడికొచ్చాక తీరిగ్గా చేసుకుందాం" అన్నారాయన.

ఎవరైనా ఇలాంటి పెళ్లి అనుకుంటుంటే నేను చెప్పేది ఇదొక్కటే: దరఖాస్తు పెట్టేముందే పంతులుగారితో కూర్చుని ఏది బయట, ఏది లోపల అని విడగొట్టుకోండి. అది తేలితే మిగతావన్నీ వాటంతటవే దారిలో పడతాయి. అక్షింతలకి అమ్మే ఉపాయం చెప్పింది. ఎవరూ చల్లలేదు, ఒక్కొక్కరూ వచ్చి మా దోసిళ్లలో పోసి తలమీద చెయ్యి పెట్టి దీవించారు. కింద దుప్పటి పరిచాం, ఒక్క గింజ ఇసుకలో పడకుండా అత్తయ్య కాపలా.

ఆ పొద్దున చలి మామూలుగా లేదు. పట్టుచీర లోపల థర్మల్స్ వేసుకున్నాను, ఫొటోల్లో కనపడలేదు. నూరి తెచ్చిన జీలకర్ర బెల్లం ముద్ద ఆ చలికి గట్టిపడిపోతే అత్తయ్య అరచేతుల్లో పెట్టుకుని మెత్తబడేదాకా పిసికి, తమలపాకుల మీద పెట్టి ఇచ్చింది. నది గాలికి అడ్డుతెర ఆగకపోతే చెరో కొస పట్టుకున్న ఫ్రెండ్స్ కింది అంచు కాళ్లతో తొక్కిపెట్టారు. పర్మిట్ ఉంది కదా అని ఆ చోటు మన సొంతమైపోదు, ఎవరైనా రావచ్చు. మడత కుర్చీలతో వచ్చిన ఒక కుటుంబం పక్కన నిలబడి పెళ్లంతా చూసి లడ్డూలు తిని వెళ్లింది. అక్కడ ఫోన్లో సిగ్నల్ లేదు. కాకినాడలో రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ కోసం కూర్చున్న అమ్మమ్మకి లాడ్జ్‌కి వెళ్లాక రికార్డింగ్ పంపాం, అప్పటికి నిద్రపోయిందట.

చీకటి పడితే కార్లో తిండి ఉంచకూడదు, వాసన వచ్చేదేదీ ఉంచకూడదు, ఎలుగుబంట్లు అద్దాలు పగలగొడతాయి. అందుకని లడ్డూలు, కొబ్బరికాయలే కాదు, గంధం, అగరొత్తులు కూడా గదిలోకి మోశాం. మోసి బయటికొస్తే నడినెత్తిన సప్తర్షులు. పెళ్లిళ్లలో పట్టపగలు పైకి చెయ్యి చూపించి "అరుంధతి కనపడిందా" అంటే అందరం తలూపడమే కదా, ఇక్కడ వశిష్ఠుడి పక్కన ఆ చిన్న చుక్క నిజంగానే కనపడింది. సప్తపది కాకుండానే చూసేశామేంటని మా ఆయన అనుమానం.

పార్కు పర్మిట్, మ్యారేజ్ లైసెన్స్ వేర్వేరు. లైసెన్స్ కాలిఫోర్నియాలో ఏ కౌంటీలోనైనా తీసుకోవచ్చు, మేం ఇద్దరం కలిసి వెళ్లి పాస్‌పోర్టులు చూపించాం. 90 రోజులు చెల్లుతుంది. పెళ్లయ్యాక ఒక సాక్షి, పంతులుగారు సంతకం పెట్టి, 10 రోజుల్లోపు అది ఇచ్చిన కౌంటీకే తిప్పి పంపాలి. అక్కడితో సర్టిఫికెట్ దానంతటదే ఇంటికి వచ్చేయదు, సర్టిఫైడ్ కాపీకి విడిగా డబ్బు కట్టి అడగాలి. వీసాకి, బ్యాంకుకి, పేరు మార్పుకి అడిగేది దాన్నే, అందుకే మేం ఒకేసారి రెండు మూడు కాపీలు తెప్పించుకున్నాం.