సగంలో ఆగిన సినిమా

బడి జ్ఞాపకాలు రాయమంటే మన తరగతి వాళ్లంతా లెక్కల సారు బెత్తం గురించే రాస్తారని తెలుసు. నేను సినిమా గురించి రాస్తాను.

1991. మనం తొమ్మిదో తరగతి. నల్గొండ జిల్లా నకిరేకల్ చుట్టుపక్కల ఊళ్లలాగే మన ఊరికీ పంచాయతీ ఆఫీసులోని టీవీయే థియేటరు. ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నరకు దూరదర్శన్‌లో ప్రాంతీయ భాషా చిత్రం వచ్చేది. భాషల వంతులు తిరిగి తిరిగి తెలుగు వచ్చేసరికి నెలలు గడిచేవి. తెలుగు సారు శనివారమే హెచ్చరించారు: “రేపు అందరూ రావాలి. మన గడీల కథ.” గడీ అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు.

మనకేమో సినిమా అంటే కత్తియుద్ధం. కత్తియుద్ధాల హీరో కాంతారావుది కోదాడ దగ్గరి గుడిబండ కాబట్టి కత్తి మీద మన జిల్లాకే పట్టా ఉన్నట్టు మురిసేవాళ్లం. తీరా వచ్చింది బి. నర్సింగరావు తీసిన ‘దాసి’. 1988 నాటిది, ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి, అర్చన ఉత్తమ నటి అని సారు చెబుతూనే ఉన్నారు. తెర మీద కత్తి లేదు, డ్యాన్సు లేదు. ఒక ఆడమనిషి గడీలో చాకిరీ చేస్తూనే ఉంది. పావుగంటకు వెనక వరుస ఖాళీ. సారు పక్కన దొరికిపోయాను కాబట్టి నేను మిగిలాను.

“వీళ్లు మాట్లాడరేమిటి సార్?” అని గొణిగాను.

జవాబు గడప దగ్గర నుంచి వచ్చింది. బడి ఊడ్చే అవ్వ అక్కడ గొంతుక్కూర్చుని ఉంది. చిన్నప్పుడు తనూ గడీలో నీళ్లు మోసిందని మాకు అప్పటిదాకా తెలియదు. “గడీలో మాకు మాటలెక్కడివి బిడ్డా” అంది, తెర మీది నుంచి చూపు తిప్పకుండా.

ఇంతలో కరెంటు పోయింది. దీపాలు పెట్టే వేళ దాకా రాలేదు.

సోమవారం ప్రార్థనకు ముందే అవ్వ నన్ను పట్టుకుంది: ఆ పిల్ల చివరికి ఏమైంది? నాకేం తెలుసు! తెలియదనడానికి నామోషీ. “రాత్రికి రాత్రే గడీ దాటి పారిపోయింది అవ్వా” అనేశాను. అవ్వ నవ్వింది. “పోయి ఎక్కడుంటుంది?” అని వంగి ఊడ్చుకుంటూ పోయింది.

పై చదువుకు హైదరాబాదు వెళ్లాక పాత సినిమాల పిచ్చి పట్టింది. మృణాల్ సేన్ 1977లో ప్రేమ్‌చంద్ కథను ‘ఒక ఊరి కథ’గా తెలుగులోనే తీశారని తెలిసి నోరు వెళ్లబెట్టాను. గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ చూస్తుంటే ‘పల్లెటూరి పిల్లగాడా’ పాట వచ్చింది. ఉలిక్కిపడ్డాను. వార్షికోత్సవంలో మన చివరి బెంచీవాడు పాడింది అదే. పశువులను తోలి వచ్చి రోజూ ఆలస్యానికి దెబ్బలు తినే మనిషి, ఆ రోజు గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని పాడాడు. అది సుద్దాల హనుమంతు పాట అని, ఆయన మన జిల్లావారే అని మనకెవరూ చెప్పలేదు. వాడి సొంత పాటేమో అనుకున్నాను!

‘దాసి’ మాత్రం చాలా ఏళ్లకు గానీ దొరకలేదు. ఒక రాత్రి ఫోనులో మొదటి నుంచీ చూశాను. కరెంటు పోయిన చోటు గుర్తుపట్టి, అక్కడ కాసేపు ఆపి, మళ్లీ నడిపాను. దొర వల్ల వచ్చిన కడుపును ఉంచనివ్వరు. బలవంతంగా తీయిస్తారు. ఆమె ఎక్కడికీ పారిపోదు.