చూసేదే వింటున్నాం

నిన్న రాత్రి టీవీలో యానిమేషన్ దర్శకుడు నార్మన్ మెక్‌లారెన్ తీసిన ‘సింక్రోమీ’ పెట్టుకుని చూశాను. 1971లో కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో చేసిన పొట్టి సినిమా. కథ లేదు, మనుషులు లేరు, అన్నీ రంగురంగుల చారలే. పాటకు తగ్గట్టు గీసిన బొమ్మలు కావవి. ఫిల్ము అంచున సౌండ్‌ట్రాక్ ఉండే, ప్రొజెక్టర్ శబ్దంగా చదివే సన్నని పట్టీలో చారల కార్డులు ఫొటో తీసి, సంగీతాన్ని అక్కడే పుట్టించాడు. చారలు దగ్గరదగ్గరగా ఉంటే స్వరం పైకి వెళ్తుంది, ఆ చారల వరుస వెడల్పు పెరిగితే శబ్దం పెరుగుతుంది. వాద్యమే లేదు! ఆ చారలకే రంగులద్ది తెర మీదికి తెచ్చాడు. మొదట్లో ఆ బీప్‌లు కాస్త చిరాకే. రెండోసారికి మాత్రం తల ఊపుతూ కూర్చున్నాను. మ్యూజిక్ యాప్‌లలో పాటతో పాటు ఎగిరే విజువలైజర్ బొమ్మలు దీని ముందు ఉత్త డెకరేషన్. ఇంట్లోవాళ్లు మాత్రం టీవీ పాడైందనుకున్నారు.