ఆకు రెలుపులప్పుడు క్లాసులు పెట్టాను

ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. చీకటితో బస్సెక్కితే ఆఫీసులు తెరిచే వేళకు దిగుతాం. మా ఊరు మెయిన్ రోడ్డు దిగి ఇంకా లోపలికి. దూరం సంగతి ముందే చెప్పడానికి కారణం, ఈ కథంతా ఆ బస్సు దగ్గరే మొదలైంది.

ఊళ్ళో ఆడవాళ్ళ పొదుపు సంఘాలన్నీ కలిసిందే మా గ్రామ సమాఖ్య. నేను అందులో వివోఏని, అంటే సహాయకురాలిని. ఊళ్ళో మాత్రం ఇప్పటికీ యానిమేటరమ్మా అనే పిలుస్తారు. సంఘాల పుస్తకాలు రాయడం, బ్యాంకు లింకేజీకి, అంటే సంఘాలకు బ్యాంకు అప్పుకు, కాగితాలు పెట్టడం నా పని. మూడేళ్ళ కిందట సంఘంలో ఒకామె వచ్చి, "ఏందమ్మే, నెల్లూరులో ఫ్రీగా ట్రైనింగ్ ఇస్తారంట గదా, మా పాప పేరు రాయించు" అంది. జిల్లాకొకటి చొప్పున బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల వాళ్ళు, రెండు బ్యాంకులు కలిసి పెట్టిన సంస్థ వీటికి మూలం. శిక్షణ, తిండి, బస అన్నీ ఉచితం. పాపకు సీటొచ్చింది. బయల్దేరాల్సిన రోజు పొద్దున తండ్రి బస్టాప్ దాకా వచ్చి, పెట్టె తీసుకుని వెనక్కి తిరిగాడు. "పెళ్ళి కావాల్సిన పిల్ల నెల రోజులు ఎక్కడుందంటే నేనేం చెప్పాలమ్మా" అన్నాడు. ఆయన మీద కోపం వచ్చింది గానీ, ఆ మాట నాకు కొత్తేమీ కాదు. నన్ను డిగ్రీకి పంపేటప్పుడు మా నాన్న అన్నదీ అదే.

తర్వాత ఇంకో ఇద్దరు ఆడపిల్లలు అట్లాగే ఆగిపోయారు. పిల్లలు అక్కడికి పోలేనప్పుడు సార్లనే ఇక్కడికి రప్పిస్తే పోలా అనిపించింది. ఫోన్ చేస్తే కుదురుతుందన్నారు. కనీసం పాతిక మంది ఉండాలి, కూర్చోడానికి చోటు, ఆడవాళ్ళకు బాత్రూము ఉండాలి, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ నకళ్ళు ముందే పంపాలి. ఇంతే గదా అనుకున్నాను.

ఇంటింటికీ తిరిగితే రెండే ప్రశ్నలు. ఒకటి, "అయిపోయాక ఉద్యోగం ఇస్తారా?" రెండు, "రోజుకి ఎంతిస్తారు?" మొదటిదానికి ఇవ్వరు అని చెప్పాను. రెండోదానికి మధ్యాహ్నం భోజనం పెడతారు అని చెప్పాను. కొందరు ముఖం మీదే నవ్వారు. అయినా ముప్పై ఒక్క పేర్లు వచ్చాయి. అందులో ఏడుగురికి ఆధార్లో ఒక పేరు, పాస్‌బుక్కులో ఒక పేరు. ఒకబ్బాయి ఆధార్ ప్రకారం వాళ్ళ అమ్మ కంటే తొమ్మిదేళ్ళే చిన్న. మీసేవ చుట్టూ తిరగడానికే పదిహేను రోజులు పట్టింది.

ఫిబ్రవరిలో డేట్లు ఖరారయ్యాయి. ఇక్కడే నా తెలివి తెల్లారింది. మా పక్కంతా పొగాకు. కలిగిరిలో, డీసీ పల్లిలో బోర్డు వేలం కేంద్రాలున్న ప్రాంతం. జనవరి నుంచి మార్చి దాకా ఆకు రెలుపులు, అంటే ఆకు కోతలు, ఆ ఆకును వేడి మీద ఆరబెట్టే బ్యారన్ల పని. ఇంటిల్లిపాదీ పొలంలోనో బ్యారన్ దగ్గరో ఉంటారు. రైతు కూతుర్నే అయ్యుండి నేను క్యాలెండర్లో ఆదివారాలు చూసుకున్నాను గానీ పొలం వైపు చూళ్ళేదు. మొదటి రోజు క్లాసుకు వచ్చింది తొమ్మిది మంది. నెల్లూరు నుంచి వచ్చిన సార్ మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, భోజనం చేసి, రిజిస్టర్ మూసేసి, "ఈ సంఖ్యతో బ్యాచ్ నడపలేనమ్మా" అని బస్సెక్కారు. ముప్పై మందికి వండిన సాంబారు పశువుల కుడితిలో పోశాం. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

మా అత్త మాత్రం ఊరుకోలేదు. "మాకు ఎవురు ట్రైనింగ్ ఇచ్చార్రా" అంది నా మొగుడితో, నాకు వినపడేటట్టు. ఆమె దూబగుంట దగ్గరి ఊరి ఆడపడుచు. 1992లో సారాకు ఎదురు తిరిగిన ఆడవాళ్ళలో ఉన్న మనిషి. మరుసటి ఏడాది అక్టోబర్లో రాష్ట్రంలో సారా బంద్ అయింది. ఆ ఊపులోనే మా జిల్లాలో రోజుకు రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ మొదలైన వ్యవహారం అది. "రాత్రిళ్ళు ఎందుకు పెట్టారో తెలుసా? పగలు మేం కూలికి పోతాం గనక" అంది. ఆ మాట సూదిలా గుచ్చుకుంది.

రెండోసారి ఆషాఢంలో పెట్టాం. పెళ్ళిళ్ళుండవు. ఆకు నార్లు ఇంకా పోయరు. కూలి పనీ అంతంతమాత్రం. సంస్థ వాళ్ళు మళ్ళీ రావడానికి వెనకాడితే సమాఖ్య తీర్మానం రాసి, అధ్యక్షురాలి సంతకంతో పంపాను. వాళ్ళు ముందు కుట్టుపని, బ్యూటీషియన్ కోర్సులు చెప్పారు. మండలంలో కుట్టుమిషన్ లేని వీధి లేదు, ఇంకో ముప్పై మంది టైలర్లు తయారైతే జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు? వద్దు సార్, వ్యాపారం ఎట్లా చెయ్యాలో చెప్పండి, పని పిల్లలకు వచ్చు అన్నాను. పది రోజుల జనరల్ బ్యాచ్‌కి ఒప్పుకున్నారు. ఇరవై ఎనిమిది మంది. అందులో పదిహేడు మంది ఆడపిల్లలు. బస్సు దగ్గర పెట్టె వెనక్కి తీసుకెళ్ళిన తండ్రి కూతురూ ఉంది.

సమాఖ్య భవనంలో బాత్రూముంది గానీ నీళ్ళు రావు. అప్పటికి మోటారు కాలిపోయి ఏడాది. అది బాగు చేయించడానికి పంచాయతీ చుట్టూ తిరిగిన తిరుగుడు రాస్తే వేరే వ్యాసమవుతుంది. ఇక్కడ వదిలేస్తున్నాను.

రెండో రోజు రింగుల ఆట. నేల మీద ఒక గుంజ, దానికి ఒకటి నుంచి పది అడుగుల దాకా సున్నంతో గీతలు. ఎంత దూరం నుంచి వేస్తే అన్ని మార్కులు. ఎక్కడ నిలబడతావో నీ ఇష్టం. మగపిల్లలు ఈలలేసుకుంటూ పదో గీత దగ్గరికి పోయారు. ఆడపిల్లల్లో చాలామంది రెండు, మూడు దగ్గర ఆగారు. మరీ దూరం నిలబడేవాడు అదృష్టం మీద ఆధారపడతాడు, మరీ దగ్గర నిలబడేవాడు రిస్క్ తీసుకోడు, మధ్యలో నిలబడేవాడు వ్యాపారానికి పనికొస్తాడు అని సార్ వివరించారు. ఈ పాఠానికి మన రాష్ట్రంతో సంబంధం ఉందట. 1960ల్లో మెక్లెలాండ్ అనే అమెరికా సైకాలజిస్టు ఇట్లాంటి శిక్షణే కాకినాడ వ్యాపారులకు ఇప్పించి, ఆ తర్వాత వాళ్ళ వ్యాపారాలు ఎట్లా సాగాయో చూశాడట. బాగుంది. కానీ రెండో గీత దగ్గర నిలబడ్డ ఒక పిల్ల సంగతి నాకు తెలుసు. వాళ్ళ నాన్న నాలుగు బోర్లు వేశాడు, నాలుగూ ఎండు బోర్లే. ఆ ఇంటి పిల్ల దగ్గరగా నిలబడితే దాన్ని పిరికితనం అంటే నేను ఒప్పుకోను. తను లెక్క వేసుకుంది. సార్‌తో అదే అన్నాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, "అయితే రింగు పోతే ఎవరు భరిస్తారో కూడా ఆటలో కలపాలి" అన్నారు. మంచి మనిషి.

నాలుగో రోజు సంగతి మాత్రం ఎప్పటికీ మర్చిపోను. ఉదయగిరి చెక్క స్పూన్ల గురించి వినే ఉంటారు. నర్ది లాంటి అడవి చెక్కతో చెక్కి, ఆకురాయితో అరగదీసి, ఉప్పుకాగితంతో నునుపు చేసే గరిటెలు, ఫోర్కులు. ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే జిఐ గుర్తింపు కూడా ఉంది. ఆ పని చేసే ఇంటి కుర్రాడొకడు క్లాసులో ఉన్నాడు. సార్ అతన్ని బోర్డు దగ్గరికి పిలిచి, మీ ఇంట్లో ఒక రోజు లెక్క వెయ్యి అన్నారు. కుర్రాడు చకచకా రాశాడు. ఇరవై అయిదు స్పూన్లు, ఒక్కోటి ఇరవై, మొత్తం 500. చెక్క 150. ఉప్పుకాగితం, నూనె 30. షాపుకు ఇచ్చి రావడానికి ఆటో 40. "లాభం 280 సార్" అని సుద్దముక్క కింద పెట్టబోయాడు.

"ఎంతమంది చేస్తారు?"

"నేను చెక్కుతా. మా అమ్మ అరగదీస్తుంది."

"ఎన్ని గంటలు?"

"పొద్దున్నించీ లైటు వేసే దాకా."

సార్ ఇంకేమీ అనలేదు. 280ని రెండుతో భాగించమని చేత్తో సైగ చేశారు. 140 వచ్చింది. మా ఊళ్ళో ఆడకూలి అంతకు రెట్టింపు పైనే. కుర్రాడు బోర్డు వైపే చూస్తూ, "అంటే మా అమ్మకి మేం కూలి ఇవ్వట్లేదు సార్" అన్నాడు. క్లాసంతా నిశ్శబ్దం. వెనక బెంచీలో ఒకమ్మాయి, "మా అమ్మ పచ్చళ్ళు కూడా అంతే" అంది మెల్లగా. ఆ రోజు మిగిలిన పాఠం జరగలేదు. ఒక్కొక్కరూ వచ్చి తమ ఇంటి లెక్క వేసుకున్నారు. పిండిమిల్లు, సెల్‌ఫోన్ రిపేరు, నిమ్మకాయ పచ్చడి, టిఫిన్ బండి. ఆరుగురికి నష్టమే తేలింది.

పదో రోజు సర్టిఫికెట్లు, ఫొటోలు. అసలు పని ఆ తర్వాత మొదలైంది.

తొమ్మిది మందితో పీఎంఈజీపీకి, అంటే కొత్తగా యూనిట్ పెట్టేవాళ్ళకు బ్యాంకు లోను మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకానికి, ఆన్‌లైన్లో పెట్టించాను. ఈ పథకం గురించి ఊళ్ళో ఉన్న అపోహ ఒకటి చెప్పాలి. "ముప్పై అయిదు శాతం సబ్సిడీ చేతికొస్తుంది, మిగతాది చూసుకోవచ్చు" అనుకుంటారు. చేతికి రాదు. పల్లెలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 35 శాతం, మిగతావాళ్ళకు 25 శాతం. రెండు లక్షల ప్రాజెక్టు అనుకోండి. మన వాటా అయిదు శాతం, అంటే పదివేలు ముందు మనం పెట్టాలి. సబ్సిడీ 70,000 బ్యాంకులోనే మన పేరుతో మూడేళ్ళు డిపాజిట్‌గా ఉంటుంది. దానికి వడ్డీ రాదు, లోనులో అంత మొత్తానికి వడ్డీ వెయ్యరు. మూడేళ్ళూ యూనిట్ నడిస్తేనే అది లోనుకు జమ. ఇది విని ముగ్గురు అక్కడికక్కడే మానుకున్నారు. మానుకోవడమే మంచిదైంది. వాళ్ళకు కావాల్సింది చేతి డబ్బే, వ్యాపారం కాదు.

మిగిలిన ఆరుగురినీ తీసుకుని బ్యాంకుకు పోయాను. ఏ బ్యాంకో చెప్పను. అక్కడి ఆఫీసర్ పట్టాదారు పాస్‌బుక్కు ఉందా, లేకపోతే గవర్నమెంటు ఉద్యోగి ష్యూరిటీ ఉందా అన్నాడు. చిన్న పరిశ్రమలకు పది లక్షల లోపు లోనుకు తాకట్టు అడగకూడదని అప్పటికే రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆ సర్క్యులర్ ప్రింటు నా బ్యాగులో ఉంది. ఆరుసార్లు తిరిగాక దాన్ని బల్ల మీద పెట్టి, "ఇవ్వలేం అని రాసివ్వండి సార్, అర్జీతో పాటు పెట్టుకుంటాం" అన్నాను. చేతులు వణికాయి. సంఘాల లింకేజీకి రేపు మళ్ళీ ఆ బల్ల దగ్గరికే రావాలి మరి. రాసివ్వలేదు గానీ రెండు ఫైళ్ళు కదిలాయి. ఒకటి పిండిమిల్లు, ఒకటి స్పూన్ల కుర్రాడికి నునుపు చేసే మెషీన్లు. ఇంకొకడిది సిబిల్ స్కోరు దగ్గర ఆగింది. ఎప్పుడో బైకుకు కట్టని మూడు కంతులు. మిగతా ముగ్గురివి ఇప్పటికీ 'పరిశీలనలో' ఉన్నాయి.

కానీ ఊళ్ళో మొదలైనవి రెండే కాదు, పదకొండు. మిగతా తొమ్మిదికీ పెట్టుబడి ఎక్కడిదని పుస్తకాలు తిరగేస్తే అన్నీ తల్లుల పేరు మీదే. సంఘం అప్పు, సంఘాల ఆడవాళ్ళకు అప్పులిచ్చే స్త్రీనిధి సంస్థ అప్పు. ముప్పై ఏళ్ళుగా వారం తప్పకుండా కట్టిన వాళ్ళ పరపతి మీద పిల్లలు వ్యాపారం పెట్టారు. కంతు తప్పితే తల్లి మీద పడుతుంది. సంఘంలో మిగతా తొమ్మిది మంది మీద కూడా పడుతుంది. రాత్రిళ్ళు నాకు టెన్షన్ ఇదే. అందుకే ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం పదకొండు మందినీ కూర్చోబెట్టి పుస్తకాలు చూస్తున్నాను. రెండు కంతులు ఆలస్యమయ్యాయి. పచ్చళ్ళమ్మాయికి వంద రూపాయల ఫుడ్ లైసెన్సు చేయించాం. లేబుల్ మీద తయారీ తేదీ వెయ్యడం మరిచిపోయి ఒక షాపు నలభై సీసాలు తిప్పి పంపింది. ఇంట్లోవాళ్ళే తింటున్నారు.

స్పూన్ల కుర్రాడి పుస్తకంలో చెక్క, కాగితం, కరెంటు, ఆటో అని గడులున్నాయి. చివర్లో 'అమ్మ కూలి' అని ఇంకో గడి, ఎర్ర పెన్నుతో. ఇవ్వట్లేదట, రాసి పెడుతున్నాడట. ఆమె అప్పుడప్పుడూ ఎంతయిందిరా అని అడుగుతుందట.

ఈ ఆషాఢానికి రెండో బ్యాచ్ అనుకుంటున్నాం. నిన్నటికి పంతొమ్మిది పేర్లు వచ్చాయి. ఇంకా ఆరు కావాలి. భవనంలో మోటారు మళ్ళీ కాలిపోయింది.