పూడ్చిన చిల్లు

పడుకుందామనుకున్నా గానీ ఆ వెండి బిళ్ళ బుర్రలోంచి పోవట్లేదు, అందుకే లేచి కూర్చుని ఇది టైప్ చేస్తున్నా. తమ్ముడు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పాత నాణెం అది, ఇవాళే చేతికొచ్చింది. "అక్కా చూడు, నిన్ననే అచ్చు కొట్టినట్టుంది" అంటూ పరిగెత్తుకొచ్చాడు. నాకు చూడగానే చిరాకు మొదలైంది. బొమ్మ మీద జుట్టంతా అరిగిపోయి బుగ్గ చదునైపోయి ఉంది, చుట్టూ ఉన్న ఖాళీ జాగా మాత్రం తోమిన స్టీలు గిన్నెలా తళతళలాడుతోంది. అంత అరిగేదాకా చేతులు మారిన నాణెం అలా మెరవదు, మెరుస్తోందంటే ఎవరో రుద్దినట్టే. అక్షరాల సందుల్లో నల్లమట్టి అలాగే ఉంది, గుడ్డ అంత లోపలికి వెళ్ళదు కదా.

దీపం కింద పెట్టి మెల్లగా వంచి తిప్పా. అచ్చు పడే దెబ్బకి లోహం మధ్యలోంచి అంచుల వైపు పాకుతుంది, అలా పాకినప్పుడు కంటికి ఆనని సన్న గీతలు పడతాయి, వాటివల్లే కొత్త నాణేన్ని వంచితే వెలుగు చక్రంలా తిరుగుతుంది. దీంట్లో ఏ చక్రమూ లేదు. ఎటు వంచినా ఒకేలాంటి చదును మెరుపు, భూతద్దం పెడితే ఒకే దిక్కుకి గుంపులు గుంపులుగా గీతలు. చేతులు మారి పడ్డ గీతలైతే తలో దిక్కుకీ ఉంటాయి, ఇలా వరసలో ఉండవు.

అక్కడితో ఆగినా సరిపోయేది. తల పైన, అంచు దగ్గర, చిన్న గుండ్రటి మచ్చ, చుట్టూ ఉన్న దానికంటే కాస్త వేరే రంగు. బొరుసు వైపు తిప్పితే సరిగ్గా అదే చోట ఇంకోటి, అక్కడున్న అక్షరం కాలు కూడా మిగతా వాటిలా లేదు, ఎవరో చేత్తో చెక్కారు. ఎప్పుడో చిల్లు పెట్టారు, తర్వాతెవరో లోహం పోసి పూడ్చి, పైన గీసి, ఆ అతుకు కనబడకుండా మొత్తం పాలిష్ పట్టారు. అమ్మినవాళ్ళ వివరాల్లో ఇవేవీ లేవు, "చాలా మంచి కండిషన్" అని ఒక్క ముక్క. ఫోటో కూడా ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీశారు, అలా తీస్తే గీతలూ కనబడవు మచ్చా కనబడదు. ఇంత పని చేసే ఓపిక ఉన్నవాళ్ళకి ఇంకో లైన్ రాసే ఓపిక లేకపోయిందా?

మావయ్య ఉంటే భూతద్దం కూడా అడిగేవాడు కాదు. సెలవుల్లో మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, ముట్టుకోనిదొకటీ రుద్దిందొకటీ పక్కపక్కన పెట్టి, ఏది ఏదో చెప్పండి అనేవాడు. అంచులు పట్టుకునే ఎత్తాలి, వేలు మొహం మీద పడితే ఆ రోజుకి పాఠం అయిపోయినట్టే. తప్పు చెప్పినా సరిచేసేవాడు కాదు, మళ్ళీ వంచి చూడు అనేవాడంతే. బెకర్ కథ చెప్పమంటే మాత్రం ఎన్నిసార్లైనా చెప్పేవాడు. కార్ల్ విల్హెల్మ్ బెకర్ అని జర్మనీలో (1772–1830) పాతకాలపు నాణేలకి సొంతంగా అచ్చులు చెక్కి దొంగవి కొట్టేవాడు, కొత్తగా కనబడకూడదని వాటిని ఇనప రజనున్న పెట్టెలో వేసి తన గుర్రబ్బండికి తగిలించి ఊరంతా తిప్పేవాడట. మావయ్యకి అన్నిటికంటే ఇష్టమైంది అమెరికాలో డెన్వర్ టంకశాలలో 1914లో కొట్టిన సెంటు కథ. అది అరుదు, 1944ది ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది, అందుకని 1944లో మొదటి 4ని గీకి 1 చేస్తారు. అంకె దిద్దినా 9కీ 1కీ మధ్య ఎడం ఎక్కువైపోతుంది, పైగా దాని మీదున్న లింకన్ బొమ్మ భుజం మీద, ఆ బొమ్మ చెక్కినాయన పేరు పొడక్షరాలుంటాయి. అవి అక్కడికి వచ్చిందే 1918లో. 1914 దాని మీద ఎలా ఉంటాయి! అంకె ఒక్కటీ చూసి వదిలేయకు, మిగతా నాణెం కూడా ఆ అంకెని ఒప్పుకోవాలి, అనేవాడు.

ఇది మొదలుపెట్టినప్పుడు పాడైన నాణెం ఏదీ కలెక్షన్‌లో ఉండకూడదని రాద్దామనుకున్నా, తమ్ముడితో కూడా అదే అన్నా. ఇప్పుడు మావయ్య ఆల్బమ్ తలుచుకుంటే అలా అనిపించట్లేదు. అందులో చిల్లున్న బిళ్ళ ఒకటుంది, పూడ్చలేదు, రుద్దలేదు, ఎవరో మెళ్ళో వేసుకున్నట్టున్నారు, చిల్లు అంచులు కూడా నున్నగా అరిగిపోయాయి. దాన్ని తీసేయమంటే నేనే ఒప్పుకోను. ఇవాళ్టి దాన్ని కూడా చిల్లుతో అలాగే వదిలేసి ఉంటే, చిల్లుందని చెప్పి అమ్మి ఉంటే, నాకు ఇంత కోపం వచ్చేది కాదు.

అన్నట్టు సాయంత్రం ఒక మంచి పని కూడా అయింది, పాత ప్లాస్టిక్ కవర్ల వల్ల ఆకుపచ్చ జిగురు పట్టిన రాగి నాణెం అసిటోన్‌లో నానబెడితే శుభ్రంగా బయటపడింది. రుద్దలేదు, కిటికీలు తీసి నానబెట్టానంతే. జిగురు కరిగింది గానీ రాగి రంగు చెక్కుచెదరలేదు.

దానికి తమ్ముడు, "నువ్వు చేస్తే శుభ్రం చేయడం, వాళ్ళు చేస్తే మోసమా?" అన్నాడు. అసిటోన్ పైనున్న జిగురునే తీస్తుంది, లోహం జోలికి పోదు అన్నాను. మరి నల్లబడ్డ వెండిని యాసిడ్ ద్రావణంలో ఒక్క క్షణం ముంచి తీస్తేనో, అని పట్టుకున్నాడు. దాంట్లో నలుపుతో పాటు పైపొర కూడా కాస్త పోతుంది, మళ్ళీ మళ్ళీ ముంచితే అచ్చు దెబ్బకి పడ్డ ఆ సన్న గీతలే చచ్చిపోయి నాణెం పాలిపోతుంది. కానీ ఒక్కసారి జాగ్రత్తగా ముంచిన దాన్ని పట్టుకోవడం కష్టం, అలాంటివి మా పెట్టెలో కూడా ఉండే ఉంటాయి. వాటిని ఏ వరసలో పెట్టాలో నాకింకా తేలలేదు. పూడ్చింది మాత్రం రేపు వాపస్ పంపించేస్తున్నాడు, రెండు వైపులా పక్కనుంచి వెలుగు పడేలా నేనే ఫోటోలు తీసిచ్చా.