ఉపవాసం, ఆటోఫజీ, మా పెద్దమ్మ

మొన్న ఉప్పల్ నుంచి పెద్దమ్మ ఫోన్. ఏకాదశి ఉపవాసం ఉంటే క్యాన్సర్ కణాలు తమను తామే తినేస్తాయట కదరా, నోబెల్ కూడా ఇచ్చారట, అంది.

నోబెల్ నిజమే, ఆటోఫజీ మీద పనికి 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి వచ్చింది, కాకపోతే ఆయన పని ఈస్ట్ కణాల మీద. కణం, ముఖ్యంగా తిండి అందనప్పుడు, తనలో పాడైన ముక్కల్ని సంచిలో చుట్టి, కరిగించి మళ్లీ వాడుకోవడమే ఆటోఫజీ, ఒకరకంగా మన పాతసామాన్లవాడి బేరం.

తార్నాకలో నా గదిలో కూర్చుని చదివే ఆస్టియోసార్కోమా పేపర్లలో కథ అడ్డం తిరుగుతుంది. ఎక్కువగా టీనేజీ పిల్లలకు, మోకాలి దగ్గర వచ్చే ఎముక క్యాన్సర్ ఇది. డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందులు పడగానే కొన్ని కణాలు ఇదే ఆటోఫజీని పెంచుకుని బతికి బయటపడతాయి, హెచ్‌ఎమ్‌జీబీ1 అనే ప్రొటీన్ అందుకు సాయం చేస్తుందని 2012లోనే రాశారు. అందుకే ఆటోఫజీని ఆపే క్లోరోక్విన్‌ను కీమోతో కలిపి ల్యాబ్‌లో చూస్తున్నారు. అవును, మలేరియా మాత్రే! ఇంకోపక్క ఆటోఫజీ మరీ ఎక్కువైతే కణం చస్తుందనే పేపర్లూ ఉన్నాయి, కాబట్టి ఆపాలా పెంచాలా అన్నది మందును బట్టి, కణాన్ని బట్టి మారుతోంది.

కీమోలో ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా కడుపు మాడ్చుకోవద్దని చెప్పాను. అంతా విని పెద్దమ్మ, "అయితే నా ఏకాదశి మానేయాలా?" అంది.