ఈ వారం నచ్చినవి: ఈత బెల్లం, మైదా జిగురు, ఇంటిల్లిపాదీ వినాల్సిన ఒక పుస్తకం

చలి ఉన్నన్నాళ్లే ఈత బెల్లం. ఒడిశాలోని మన గజపతి జిల్లా ఈత బెల్లానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు పర్లాకిమిడి సంతకు దూరపు ఊళ్లవాళ్లు కూడా దానికోసం వస్తున్నారు. పేరొచ్చిన సరుకు కాబట్టి చూసి కొనాలి. రాత్రి చెట్టుకు కుండ కట్టి, పొద్దు పొడవకముందే దించి, వెంటనే పొయ్యెక్కించిన నీరాతోనే మంచి బెల్లం అవుతుంది. ఎండెక్కితే నీరా పులుస్తుంది. పులిస్తే అందులోని చక్కెర పోతుంది కాబట్టి ఎంత కాచినా పాకం సరిగ్గా గట్టిపడదు, రుచిలో పులుపు తగులుతుంది. అచ్చు విరిచి చూడండి. లోపల ముదురు గోధుమ రంగు, సన్నటి పొగ వాసన, మెత్తగా విరగడం ఉండాలి. విరిచినచోట మెరిసే పలుకులు కనిపించినా, రంగు మరీ పసుపుగా ఉన్నా పంచదార కలిసిందని అనుమానించాలి. తెచ్చాక మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టండి. గాలి తగిలితే తేమ పీల్చుకుని కారిపోతుంది.

దీనితో పాయసం చేసేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది పాలు విరగడం. లీటరు పాలు, 75 గ్రాముల కొరాపుట్ కాలాజీర బియ్యం, 200 గ్రాముల బెల్లం తీసుకోండి. బియ్యం పాలల్లో పూర్తిగా మెత్తబడేదాకా బెల్లం వేయకూడదు. తీపి పడ్డాక గింజ ఉడకడం మందగిస్తుంది. బెల్లాన్ని పావు గ్లాసు నీళ్లలో విడిగా కరిగించి, ఇసుకా పీచూ పోయేలా వడకట్టండి. పాయసం దించి ఐదు నిమిషాలు ఆగాక బెల్లం నీళ్లు పోయండి. బెల్లంలో పులుపు గుణం ఉంటుంది, మరిగే పాలల్లో పోస్తే విరుగుతాయి.

రెండోది మైదా జిగురు. ఈ వైపు చాలా ఇళ్లల్లో పాత బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం, ఇంకేదో కథల పుస్తకం అట్ట ఊడిన స్థితిలో ఉంటాయి. దయచేసి వాటికి సెల్లో టేపు వేయకండి. కొన్నేళ్లకు దాని బంక పసుపెక్కి కాగితంలోకి దిగుతుంది, టేపు రాలిపోయినా మరక మిగులుతుంది. రెండు చెంచాల మైదాను పది చెంచాల చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ తెల్లదనం పోయి పారదర్శకంగా అయ్యేదాకా కాచండి. చల్లారాక పలుచటి గుడ్డలో వడకట్టండి. చిరుగు మీద పల్చని తెల్ల కాగితం పట్టీ పెట్టి, జిగురు బ్రష్‌తో చాలా కొంచెంగా రాయండి. ఎక్కువైతే కాగితం ముడతలు పడుతుంది, వెండి పురుగు కూడా చేరుతుంది. రెండు పక్కలా తెల్ల కాగితాలు పెట్టి బరువు కింద రాత్రంతా ఉంచండి. న్యూస్‌పేపరు మాత్రం పెట్టకండి, తడికి సిరా అంటుకుంటుంది. ఈ జిగురు రెండు రోజులకు పాడవుతుంది, ఏ రోజుకారోజు కాచుకోవడమే.

పర్లాకిమిడి కొమ్ము పనివాళ్ల దగ్గర దొరికే సన్నటి కొమ్ము పలకను పుస్తకంలో గుర్తుగా వాడుకోవచ్చు, పేజీ మూల మడవక్కర్లేదు. వేడినీళ్లు తగిలితే వంకర పోతుంది, మరీ ఎండితే పగులుతుంది. నెలకోసారి ఒక చుక్క కొబ్బరి నూనె రాసి, పూర్తిగా తుడిచాకే పుస్తకంలో పెట్టండి.

ఇక పుస్తకం. జాన్ బన్యన్ రాసిన 'యాత్రికుని ప్రయాణం'. చిల్లులు పడ్డ గిన్నెలకు మాట్లు వేసుకు బతికే మనిషి ఆయన. అనుమతి లేకుండా బోధించినందుకు 1660 నుంచి 1672 దాకా ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్ జైల్లో ఉన్నాడు. మొదటి భాగం 1678లో, రెండోది 1684లో వచ్చాయి. వీపున బరువుతో నాశనపురం విడిచి పరలోక పట్టణానికి నడిచే క్రైస్తవుడి కథ మనవాళ్లకు కొత్తేమీ కాదు. అయినా చాలామంది పిల్లల బొమ్మల పుస్తకంలో చూసి, మొత్తం చదివేశామనుకుంటారు. ఈ పుస్తకాన్ని పూర్తి పాఠంలో, గొంతెత్తి, ఇంట్లో అందరూ వింటుండగా చదవాలి. ఒడియా మీడియంలో చదివే మన పిల్లలకు తెలుగు నోట ఉంది, కంటికి లేదు. వాళ్లకి ఈ కథ చేరాలంటే చెవి ద్వారానే చేరాలి.

కొనేటప్పుడు రెండు చోట్లు తిప్పి చూడండి, కుదించిన ప్రతో కాదో అక్కడే తెలిసిపోతుంది. ఒకటి చివరి పుట. అసలు పుస్తకం క్రైస్తవుడు వైభవంగా పట్టణంలోకి వెళ్లడంతో ముగియదు. గుమ్మం దాకా వచ్చిన అజ్ఞాని అనేవాణ్ణి అక్కడినుంచే కొండ పక్కనున్న తలుపు గుండా నరకానికి పంపేస్తారు. ఆ తర్వాతే, కథంతా తనకొచ్చిన కలగా చెప్పిన రచయిత మేలుకుంటాడు. పిల్లల ప్రతుల్లో సాధారణంగా దీన్ని తీసేస్తారు, అది చాలా పెద్ద నష్టం.

రెండోది సంశయ దుర్గం. నిరాశ అనే రాక్షసుడు క్రైస్తవుణ్ణీ, తోడున్న నిరీక్షణనీ బుధవారం పొద్దున్న నుంచి శనివారం రాత్రి దాకా చీకటి కొట్లో పెడతాడు. తిండి లేదు, చుక్క నీళ్లు లేవు, వెలుగు లేదు. భార్య మాట విని దుడ్డుకర్రతో బాదుతాడు, మీరే చచ్చిపొండని పోరుతాడు. ఎండ కాసిన రోజుల్లో వాడికి మూర్ఛ వస్తుంది, చెయ్యి పనిచేయదు. శనివారం నడిరాత్రి ఇద్దరూ ప్రార్థన మొదలుపెట్టి తెల్లవారబోయేదాకా చేస్తారు. అప్పుడు క్రైస్తవుడికి తన రొమ్ములోనే వాగ్దానం అనే తాళంచెవి ఉందని గుర్తొస్తుంది. కొట్టు తలుపు సులువుగా తెరుచుకుంటుంది, బయటి ఇనుప గేటు తాళం మాత్రం మహా మొండికేస్తుంది. చివరికి తెరుచుకుని కిర్రుమంటుంది, రాక్షసుడు లేస్తాడు, వెంటబడబోతే మూర్ఛ పట్టేస్తుంది. వారాల పేర్లు, మొండి తాళం, ఆ చప్పుడు మీ ప్రతిలో లేకపోతే అది సారాంశమే. వాగ్దానం గుర్తొచ్చాక కూడా ఆఖరి తాళం తిప్పడానికి బలం పెట్టాల్సి వచ్చిందన్నది ఈ ఘట్టానికి ప్రాణం.

బన్యన్ అధ్యాయాలు పెట్టలేదు, కథ ఏకధారగా సాగుతుంది. ఎక్కడ ఆపాలో మనమే చూసుకోవాలి. కుటుంబ ప్రార్థన అయ్యాక పాతిక నిమిషాల చొప్పున పదిహేను, పదహారు సాయంత్రాల్లో మొదటి భాగం అవుతుంది. క్రైస్తవుడు దిగబడే ఊబి దాకా ఒక రోజు, ఇరుకు ద్వారం దాకా ఇంకోటి. అర్థం చెప్పేవాని ఇంటికి మాత్రం రెండు రోజులివ్వండి. అక్కడ గది తర్వాత గది చూపిస్తాడు, ఒక్క బిగిని వింటే ఏదీ గుర్తుండదు. సిలువ దగ్గర బరువు ఊడిపడే చోటు పొట్టిదే, అయినా ఆ రోజుకి అక్కడితో ఆపేయండి.

శ్రోతలు జారిపోయేది యుద్ధాల దగ్గర కాదు, సంభాషణల దగ్గర. వాచాలుడితో, అజ్ఞానితో సాగే మాటలు పేజీలకు పేజీలు ఉంటాయి. ఒకే గొంతు చదివితే ఎవరు ఏమంటున్నారో అంతుపట్టదు. ఇద్దరు పంచుకుని చదవండి. ఏ గుణం ఏ పాత్రో ముందే విప్పి చెప్పకండి, పిల్లలు ఊహించి చెప్పే వీలు పోతుంది.

పాత అనువాదాల గ్రాంథికం పెద్ద అడ్డు. 'వెళ్లెను', 'పలికెను' ఉన్నచోట 'వెళ్లాడు', 'అన్నాడు' అని మార్చుకుంటూ చదవడం తప్పేమీ కాదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు బడిపంతులుగా పనిచేసింది ఈ పర్లాకిమిడిలోనే కదా! కానీ బైబిలు వచనాలను మాత్రం కదపకండి. 'జిగటగల దొంగ ఊబిలోనుండియు' అన్న కీర్తన 40, 'గాఢాంధకారపు లోయలో' అన్న కీర్తన 23 మన పెద్దవాళ్లకు కంఠస్థం. కథ మధ్యలో ఆ మాటలు యథాతథంగా వినబడితే వాళ్లే మిగతాది అందుకుంటారు. అంచుల్లో వచన సూచికలున్న ప్రతి కొంటే వెతుక్కునే పని తప్పుతుంది.

మొదటి భాగంతో ఆపేయకండి. క్రైస్తవుడి భార్య, నలుగురు కొడుకులు, పొరుగమ్మాయి కరుణ కలిసి అదే దారిన నడిచే రెండో భాగం నెమ్మదైన నడక, ఆడవాళ్లూ ముసలివాళ్లూ కుంటివాళ్లూ కలిసి సాగే గుంపు. అందులోనే సంశయ దుర్గాన్ని ఏడు రోజులు పట్టి కూలదోస్తారు. లోపల బతికి దొరికిన తండ్రీకూతుళ్లలో ఆ కూతురి పేరు మహాభీతి. చంక కర్రల మీద నడిచే కుంటాయన, ఒక చేత్తో కర్ర పట్టుకునే, ఆ పిల్లతో కలిసి దారిలోనే నాట్యం చేస్తాడు. శ్రమకాలపు నలభై రోజుల్లో మొదలుపెడితే, ఆదివారాలు గుడికే వదిలేసినా, ఈస్టరు లోపు రెండు భాగాలూ పూర్తవుతాయి.