పొర మీద పొర: మిగ్ వెల్డింగ్‌తో స్టీల్ గొట్టం

80 మి.మీ. వ్యాసం స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాన్ని అచ్చు లేకుండా, మిగ్ వెల్డింగ్ (వైరే కరిగి లోహంగా పడే పద్ధతి) పొరలతోనే లేపాను. టార్చ్ (వైరు బయటికొచ్చే వెల్డింగ్ గన్ను) కదలదు, కింద ప్లేటే తిరుగుతుంది. స్టెప్పర్ మోటర్‌కి (చిన్న చిన్న అడుగులుగా తిరిగేది) వేగం తగ్గించే వార్మ్ గేర్‌బాక్స్ తగిలించి, చుట్టుకి 43 సెకన్లు పట్టేలా పెట్టాను.

ఎక్కువ బుర్ర పెట్టింది ఎర్త్ (వెల్డింగ్ కరెంటు మెషీనుకి తిరిగెళ్లే తీగ) దగ్గర. క్లాంపు ఫ్రేముకి వేస్తే కరెంటు బేరింగుల గుండా పోయి బాల్స్ మీద మచ్చలు పడతాయి. అందుకే బేరింగు హౌసింగ్ కింద ఫైబర్ షీటు వేసి, ఆటోనగర్ పాత సామాన్ల కొట్టులో కొన్న లారీ స్టార్టర్ మోటర్ కార్బన్ బ్రష్షులను స్ప్రింగుతో షాఫ్టుకి నొక్కి, ఎర్త్ వాటికిచ్చాను. ఆర్క్ (వైరును కరిగించే విద్యుత్ మెరుపు) ఎక్కడా తడబడలేదు.

వైరు 308ఎల్‌ఎస్ఐ అనే స్టెయిన్‌లెస్ రకం, 0.8 మి.మీ. ఫీడు నిమిషానికి 5 మీటర్లు, 18 వోల్టులు. గ్యాసు ఆర్గాన్‌లో 2 శాతం కార్బన్ డయాక్సైడ్. పొర ఎత్తు 1.8, గోడ మందం 4 మి.మీ. వచ్చాయి. ఆర్క్ మొదలైన చోట గుట్ట కడుతుంది కాబట్టి ప్రతి పొరనీ పావు చుట్టు జరిపి మొదలుపెట్టాలి.

అసలు ఓపికంతా చల్లారేదాకా ఆగడంలోనే ఉంది. స్టెయిన్‌లెస్ మామూలు ఇనుముకన్నా వేడిని చాలా నిదానంగా పంపుతుంది, వ్యాకోచం మాత్రం ఒకటిన్నర రెట్లు. గోడ లేచేకొద్దీ వేడి కిందికి దిగదు. 150 డిగ్రీల లోపుకి వచ్చాకే తర్వాతి పొర. మెరిసే లోహం మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ తక్కువ చూపిస్తుంది, థర్మోకపుల్ (తాకించి వేడి కొలిచే తీగ) ఆనించి చూడటమే నయం. బెజవాడ ఎండల్లో ఈ పని తెల్లవారుజామునే. ఫ్యాను ఆర్క్ ఆగాకే, లేకపోతే గ్యాసు చెదిరిపోతుంది. పొగలో క్రోమియం ఉంటుంది, మాస్కు తప్పనిసరి.

లేతు షాపు అన్న గొట్టాన్ని చేతిలోకి తీసుకోగానే అయస్కాంతం పెట్టి చూశాడు. ఈ రకం స్టీల్‌కి మామూలుగా అయస్కాంతం అంటుకోదు. కొద్దిగా లాగింది. "ఇది స్టీలేనా తమ్ముడూ?" అన్నాడు. స్టీలే. పగుళ్లు రాకుండా ఈ వైరులో కొంచెం ఫెర్రైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుము రూపం) మిగిలేలా తయారుచేస్తారు, లాగేది అదే. నిలుస్తుందా అన్నాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2021లో తెరిచిన 12 మీటర్ల స్టీల్ వంతెన కూడా రోబోలు ఇలా పొరలు పోసి కట్టిందేనని చెప్పాను.

గోడకి లోపలా బయటా లేతు మీద అర మిల్లీ చొప్పున తీయించాం. లీకు ఉందేమో చూడటానికి బయట సున్నం పూసి, లోపల కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచితే సున్నం పొడిగానే ఉంది. తర్వాత వంపు గొట్టం పోయాలి. ప్లేటు వాలడానికి ఇంకో ఇరుసు కావాలి, దాని బేరింగులకీ ఇదే ఫైబర్ షీటు వేస్తాను.